మ్యూనిక్ నుంచి గ్రోస్‌గ్లాక్నర్ కొండ దారి: అద్దె కారులో, అమ్మానాన్నలతో ఒక రోజు

మీ ప్రశ్న ఇదీ: జులైలో మ్యూనిక్‌లో ఉన్న మీ చెల్లెలి ఇంటికి వస్తున్నారు. మీరు, మీ ఆవిడ, ఏడేళ్ళ పాప, అరవై దాటిన అమ్మానాన్న. ఒక రోజు కారు అద్దెకు తీసుకుని పొద్దున్నే బయల్దేరి ఆస్ట్రియాలోని హాల్‌స్టాట్, గ్రోస్‌గ్లాక్నర్ రోడ్డు, ఇన్స్‌బ్రుక్ మూడూ చూసుకుని రాత్రికి ఇంటికి చేరగలరా అని. హైదరాబాద్‌లో ఏళ్ళుగా నడుపుతున్నారు గానీ ఎడమ వైపు స్టీరింగ్ ఎప్పుడూ పట్టలేదు.

కుదరదండీ. మ్యాప్‌లో చూస్తే దగ్గర దగ్గరగానే కనిపిస్తాయి. కానీ ఆ మూడింటినీ కలిపి చుట్టి వస్తే 700 కి.మీ. దాటుతుంది, అందులో సగం కొండ దారి. రోజంతా కారులో కూర్చుని, దిగిన ప్రతిచోటా పావుగంటలో ఫోటో తీసుకుని పరిగెత్తాల్సి వస్తుంది. అమ్మానాన్నలకు మోకాళ్ళ నొప్పులు తప్ప ఏమీ గుర్తుండవు. హాల్‌స్టాట్‌ను మ్యూనిక్ నుంచి రైల్లో ఇంకో రోజు చూడొచ్చు, ఇన్స్‌బ్రుక్ కూడా అంతే. కారు ఉంటేనే బాగా చూడగలిగేది ఈ మూడింటిలో గ్రోస్‌గ్లాక్నర్ ఒక్కటే. కాబట్టి కారు తీసుకున్న రోజును మొత్తం దానికే ఇవ్వండి. కుదిరితే ముందు రోజు సాయంత్రమే ఆ కొండ దారికి దగ్గర్లో, సరస్సు పక్కనున్న జెల్ ఆమ్ సీ అనే ఊరు చేరి, ఆ సరస్సు ఒడ్డునో చుట్టుపక్కల పల్లెల్లోనో ఒక రాత్రి ఉండండి. మ్యూనిక్ నుంచి ఒక్క రోజులో వెళ్ళి రావాలంటే సుమారు 450 కి.మీ. అవుతుంది. ఒంటరిగా అయితే నేను వెళ్ళొస్తాను, పెద్దవాళ్ళతో వెళ్ళమని మాత్రం చెప్పను.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఇది ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి చేర్చే మామూలు దారి కాదు, చూడటానికనే కట్టిన దారి. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఆస్ట్రియా సామ్రాజ్యం ముక్కలై చిన్న దేశంగా మిగిలింది. చేతిలో డబ్బు లేదు, జనానికి పనుల్లేవు. అప్పుడు ఫ్రాంజ్ వాలాక్ అనే ఇంజనీరు మంచు కొండల మీదుగా రోడ్డు వేద్దామంటే చాలామందికి పిచ్చి పనిలా తోచింది. సాల్జ్‌బుర్గ్ రాష్ట్ర గవర్నర్ ఫ్రాంజ్ రేర్ల్ పట్టుబట్టడంతో 1930లో పని మొదలైంది. ఆర్థిక మాంద్యం రోజుల్లో వేల మందికి అది కూడు పెట్టింది. 1935 ఆగస్టు 3న రోడ్డు తెరిచారు. 48 కి.మీ. పొడవు, 36 హెయిర్‌పిన్ మలుపులు. ఏ మలుపులో ఏ కొండ కళ్ళ ముందుకు రావాలో కూడా ఆలోచించి గీశాడా అనిపిస్తుంది. అలాంటి దారిలో గడియారం చూసుకుంటూ పోతే టోల్ డబ్బులూ దండగే, రోజూ దండగే.

ఇక కారు సంగతి. ఆటోమేటిక్ కావాలని బుక్ చేసేటప్పుడే అడగండి. ఐరోపాలో అద్దె కార్లలో మాన్యువల్‌లు ఇంకా చాలానే ఉంటాయి, కౌంటర్ దగ్గరికి వెళ్ళాక అడిగితే దొరక్కపోవచ్చు. ఐదుగురు కాబట్టి చిన్న కారు వద్దు. పాపకు బూస్టర్ సీటు తప్పనిసరి. జర్మనీలో పన్నెండేళ్ళ లోపు, 150 సెం.మీ. లోపు పిల్లలకు అది చట్టం. దాంతో కలిపి వెనక ముగ్గురు ఇరుక్కోకుండా కూర్చోవాలంటే స్టేషన్ వ్యాగనో, అంతకన్నా పెద్దదో తీసుకోండి. ఆస్ట్రియాలోకి తీసుకెళ్తున్నామని అద్దె కంపెనీకి ముందే చెప్పి, కాగితంలో రాయించుకోండి. డిపాజిట్ కోసం నడిపేవారి పేరు మీదే క్రెడిట్ కార్డు అడుగుతారు, డెబిట్ కార్డును నమ్ముకోవద్దు. బీమా దగ్గర పిసినారితనం వద్దు. గీత పడితే మన జేబు నుంచి పైసా పోని రకం తీసుకుంటే రోజంతా టెన్షన్ ఉండదు.

ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ హైదరాబాద్‌లోనే ఆర్టీఓ ద్వారా తెచ్చుకోండి, ఏడాది చెల్లుతుంది. అది ఒక్కటే ఉంటే సరిపోదు, అసలు లైసెన్సు కూడా దగ్గరుండాలి. అందరి పాస్‌పోర్టులూ ఒరిజినల్స్ పట్టుకోండి. వెళ్ళేటప్పుడు ఎవరూ ఆపకపోయినా, ఆస్ట్రియా నుంచి తిరిగి జర్మనీలోకి వచ్చేటప్పుడు పోలీసులు ఆపి చూస్తుంటారు. ఫోన్‌లో ఫోటో చూపిస్తే సరిపోతుందనుకోవద్దు.

ఎడమ స్టీరింగ్ గురించి భయపడాల్సిందేమీ లేదు, కానీ కొండ దగ్గర నేర్చుకోకూడదు. కారును ఒక రోజు ముందే తీసుకుని మీ చెల్లెలు వాళ్ళ ఊరి చుట్టుపక్కల రెండు గంటలు తిప్పండి. కొత్తవాళ్ళందరికీ వచ్చే ఇబ్బంది ఒకటే: కారు కుడి పక్క ఎంతుందో అంచనా దొరకదు. మనకు అలవాటైన వైపు ఇప్పుడు డ్రైవరు ఉండడు కాబట్టి తెలియకుండానే కుడి అంచుకు జరిగిపోతాం. మీ ఆవిడను పక్కన కూర్చోబెట్టుకుని, అంచుకు దగ్గరైనప్పుడల్లా చెప్పమనండి. ఊళ్ళ లోపల చిన్న కూడళ్ళలో బోర్డు ఏదీ లేకపోతే కుడి వైపు నుంచి వచ్చే బండికే ముందు దారి. మోటారు రోడ్డు (మన ఎక్స్‌ప్రెస్‌వే లాంటిది) మీద ట్రాఫిక్ ఆగిపోతే ఎడమ లేన్‌లో వాళ్ళు ఎడమకు, మిగతావాళ్ళు కుడికి జరిగి మధ్యలో అంబులెన్సుకు దారి వదలాలి. సైరన్ వినిపించాక కాదు, ట్రాఫిక్ నెమ్మదించగానే జరగాలి. దీన్ని ఇక్కడ చాలా సీరియస్‌గా తీసుకుంటారు, జరిమానా కూడా గట్టిగానే ఉంటుంది.

దారి ఇలా: మ్యూనిక్ నుంచి రోజెన్‌హైమ్ వైపు వెళ్ళి, అక్కడి నుంచి కుఫ్‌స్టైన్. ఆస్ట్రియాలో మోటారు రోడ్లకు విన్యెట్ (ఇన్ని రోజులకని ముందే కట్టే టోల్ చీటీ) కొనాలి, కానీ సరిహద్దు నుంచి కుఫ్‌స్టైన్ సూడ్ ఎగ్జిట్ దాకా 2019 డిసెంబరు నుంచి అక్కర్లేదు. ఆ ఎగ్జిట్‌లోనే దిగిపోయి సెయింట్ యోహాన్, ఫీబర్‌బ్రున్, జాల్‌ఫెల్డెన్ మీదుగా జెల్ ఆమ్ సీ చేరొచ్చు. దారి పొడవునా పచ్చికలు, చెక్క ఇళ్ళు, కిటికీల్లో ఎర్రటి పూల కుండీలు. ఒకవేళ సాల్జ్‌బుర్గ్ వైపు నుంచి మోటారు రోడ్డు మీద రావాలనుకుంటే విన్యెట్ ఆన్‌లైన్‌లో తీసుకోండి, ఒక రోజుదీ పది రోజులదీ దొరుకుతాయి. కొనేటప్పుడు కారు నంబరు ఒకటికి రెండుసార్లు చూసుకోండి, ఒక్క అక్షరం తప్పినా కొననట్టే లెక్క.

జెల్ ఆమ్ సీ దాటాక బ్రుక్ అనే ఊరు. కొండ దారి అక్కడి నుంచే లెక్క. అక్కడే ట్యాంక్ నింపుకోండి, నీళ్ళు కొనుక్కోండి, పాపను బాత్రూమ్‌కు తీసుకెళ్ళండి. తర్వాత ఫెర్లైటెన్ దగ్గర టోల్ గేటు. కారుకు ఒక రోజు టికెట్ నలభై యూరోలు దాటే ఉంటుంది, ఏటా కొంచెం పెంచుతున్నారు. టికెట్ ఖరీదనిపిస్తుంది గానీ, పైన పార్కింగ్, దారిలోని ప్రదర్శనశాలలు అన్నీ అందులోనే కలిసి ఉంటాయి, అదే రోజు అదే టికెట్ మీద తిరిగి రావచ్చు. రాత్రిపూట రోడ్డు మూసేస్తారు. మూసే సమయానికి ముప్పావుగంట ముందే లోపలికి పంపడం ఆపేస్తారు. అందుకని పొద్దున ఎనిమిదికల్లా గేటు దగ్గర ఉండేలా చూసుకోండి. పదిన్నర దాటితే బస్సులు, బైకుల గుంపులు వచ్చేస్తాయి. మధ్యాహ్నం తర్వాత మబ్బులు కూడా కమ్ముకోవడం ఎక్కువ.

మీరు తిరుమల ఘాట్ ఎక్కి ఉంటారు కాబట్టి మలుపులు కొత్త కాదు. అక్కడ ఎక్కడానికీ దిగడానికీ వేరే వేరే దారులు, ఇక్కడ రెండూ ఒకే రోడ్డు మీద. రోడ్డు వెడల్పుగానే ఉంటుంది, అసలు రోడ్డు వాలు 12 శాతం మించదు. ప్రతి హెయిర్‌పిన్ దగ్గర దాని నంబరు, ఎత్తు రాసిన బోర్డు ఉంటుంది, పాపకు లెక్కపెట్టే పని అప్పగించండి. మనం కుడి పక్కన నడుపుతాం కాబట్టి కుడికి తిరిగే మలుపులు బిగుతుగా ఉంటాయి, ఎడమవి విశాలంగా ఉంటాయి. కుడి మలుపులోకి వెళ్ళే ముందే వేగం బాగా తగ్గించి, ఒకసారి పైకి చూసి ఏ బస్సూ దిగి రావడం లేదని తేల్చుకుని తిప్పండి. వెనక ఎవరైనా తొందరపడితే ఖాళీ చోటు చూసి పక్కకు ఆపి పంపించేయండి. ఆగడానికి చోట్లు బోలెడు. వాంతులయ్యేవాళ్ళుంటే అల్లం మురబ్బా, ఖాళీ కవర్లు చేతికందేలా పెట్టుకోండి.

మొదట తప్పకుండా ఆగాల్సింది ఎడెల్‌వైస్‌ష్పిట్జె. 2,571 మీటర్లు, కారు వెళ్ళగలిగే చోట్లలో ఈ దారికి అదే శిఖరం. అసలు రోడ్డు నుంచి పక్కకు ఒక చిన్న దారి చీలుతుంది. అది రాళ్ళు పరిచిన దారి, ఇరుకు, నిట్టనిలువు, బస్సుల్ని రానివ్వరు. చూడగానే గుండె జల్లుమంటుంది గానీ తక్కువ గేర్‌లో నిదానంగా వెళ్తే కారు ఎక్కేస్తుంది. పొద్దున్నే వెళ్ళమనేది ముఖ్యంగా ఇందుకే: ఎదురు బండ్లు ఉండవు, పైన చిన్న పార్కింగ్‌లో చోటు దొరుకుతుంది. పైకి చేరాక ఏ వైపు తిరిగినా కొండలే, 3,000 మీటర్లు దాటినవే ముప్పైకి పైగా కనిపిస్తాయి. కారు డిక్కీ తీసి చూడండి, మీరు తెచ్చుకున్న చిప్స్ ప్యాకెట్లు బుగ్గలు పూరించుకున్నట్టు ఉబ్బి ఉంటాయి. బయట గాలి పలచబడిందని పాపకు చెప్పడానికి అంతకన్నా మంచి పాఠం ఉండదు.

ఆ పలచటి గాలి పెద్దవాళ్ళకు కూడా తెలుస్తుంది. కారు దిగి నాలుగు మెట్లు ఎక్కగానే ఆయాసం వస్తుంది. మామూలు ఆరోగ్యంతో ఉన్నవాళ్ళకు అదేం ప్రమాదం కాదు, నెమ్మదిగా నడిచి, నీళ్ళు తాగుతూ ఉంటే చాలు. గుండె జబ్బో, ఊపిరితిత్తుల సమస్యో ఉంటే బయల్దేరే ముందే డాక్టర్‌ను అడగండి. జులై అని స్వెట్టర్లు ఇంట్లో వదలొద్దు. కింద సరస్సు దగ్గర ఎండ మాడ్చేస్తున్నా పైన ఈదురుగాలి కొడుతుంది, నడి వేసవిలో కూడా మంచు పడొచ్చు. అమ్మకు చెవులు కప్పే శాలువా, నాన్నకు మంకీ క్యాప్ మర్చిపోకండి. ఎండ చర్మాన్ని త్వరగా కమిలిస్తుంది, చల్లగా ఉంది కదా అని సన్‌స్క్రీన్ మానొద్దు.

తర్వాత ఫుషర్ టోర్ల్, చిన్న చెరువు దాటుకుని వెళ్తే 2,504 మీటర్ల ఎత్తులో హోక్‌టోర్ అనే కనుమ. కొండ కింద చిన్న సొరంగం. ఇటు సాల్జ్‌బుర్గ్ రాష్ట్రం, అటు కారింథియా. కారులో ఎక్కడం ఇప్పటి మాట, కానీ మనుషులు ఈ కనుమ దాటడం వేల ఏళ్ళ నాటిది. రోడ్డు పనులప్పుడు 1933లో ఇక్కడ హెర్క్యులీస్ చిన్న కంచు విగ్రహం బయటపడింది. గుర్రాల మీద ఉప్పును దక్షిణానికి, ద్రాక్షసారాను ఉత్తరానికి మోసిన వర్తకులు ఇదే దారిన నడిచారు. జులైలో కూడా సొరంగం పక్కన మంచు కుప్పలు మిగిలే ఉంటాయి, పాపను ఒక పది నిమిషాలు ఆడుకోనివ్వండి. మే నెలలో అయితే రోడ్డుకు రెండు వైపులా మంచు గోడలు నిలబడి ఉంటాయి. ఒకప్పుడు ఏటా ఆ మంచును 350 మంది పారలతో తవ్వి తీసేవారు. 1953లో వాలాక్ స్వయంగా మంచు చిమ్మే రోటరీ యంత్రాలు తయారు చేయించాడు. రోడ్డు వేసిన మనిషే దాన్ని తెరిచే యంత్రాన్నీ ఆలోచించడం నాకెంతో గొప్పగా అనిపిస్తుంది. ఆ యంత్రాలు ఇప్పటికీ పనిలో ఉన్నాయి.

హోక్‌టోర్ దాటి దిగుతుంటే కుడి వైపు కైజర్ ఫ్రాంజ్ జోసెఫ్స్ హోయెకు దారి చీలుతుంది, సుమారు 9 కి.మీ. ఎక్కువ సమయం ఇక్కడే గడపండి, కనీసం రెండు గంటలు. 1856లో ఆస్ట్రియా చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్, ఆయన భార్య ఎలిజబెత్ ఈ ప్రాంతానికి వచ్చారు, పేరు అలా వచ్చిందే. అంతస్తుల పార్కింగ్ ఉంది, అక్కడి నుంచి గట్టు దాకా కొన్ని అడుగులే, అమ్మానాన్నలకు ఇబ్బంది ఉండదు. ఎదురుగా 3,798 మీటర్ల గ్రోస్‌గ్లాక్నర్, ఆస్ట్రియాలో ఎత్తైన శిఖరం. కింద లోయలో పాస్టెర్జె హిమానీనదం.

ఆ హిమానీనదాన్ని చూసి చాలామంది నిరాశపడతారు, పోస్టుకార్డుల్లో ఉన్నంత తెల్లగా లేదని. నిజంగానే లేదు. చక్రవర్తి వచ్చిన నాటితో పోలిస్తే దాదాపు సగం కరిగిపోయింది. గట్టు మీద నిలబడి ఎదుటి కొండ గోడను జాగ్రత్తగా చూడండి. పైన గడ్డి, నాచు పట్టిన పాత రాయి, దాని కింద ఏమీ మొలవని బూడిద రంగు రాయి, రెండింటి మధ్య గీత గీసినట్టు హద్దు. ఆ హద్దు దాకా ఒకప్పుడు మంచు ఉండేది. 1963లో పర్యాటకుల్ని మంచు అంచుకు దింపడానికి పట్టాల బండి కట్టారు. మంచు వెనక్కి తగ్గిపోయింది, బండి ఆగే చోటు మాత్రం అక్కడే ఉండిపోయింది. మంచు మీద రాళ్ళూ మట్టీ పరుచుకోవడం వల్ల దూరం నుంచి మురికిగా కనిపిస్తుంది, బైనాక్యులర్స్ ఉంటే దాని మధ్య నీలం చీలికలు తెలుస్తాయి. పాప పెద్దయ్యాక ఇదే గట్టు మీద నిలబడితే ఈ మాత్రం కూడా ఉండదు, అందుకే కాస్త నిలబెట్టి చూపించమంటున్నాను. గట్టు కింద గడ్డిలో మార్మోట్లు తిరుగుతుంటాయి, కుందేలు కన్నా బొద్దుగా, వెనక కాళ్ళ మీద లేచి ఈల వేస్తాయి. వాటికి బిస్కెట్లు పెట్టనివ్వొద్దు, జబ్బు పడతాయి.

తిండి సంగతి. పైన హోటళ్ళున్నాయి, సూప్, బంగాళదుంప వేపుడు దొరుకుతాయి. మాంసం తినకపోయినా గుడ్డు తినేవాళ్ళకు కైజర్‌ష్మార్న్ బాగుంటుంది, ముక్కలు చేసిన మెత్తటి తీపి అట్టు, పక్కన పుల్లటి పండ్ల గుజ్జు. గుడ్డు కూడా తినని అమ్మానాన్నలకు మాత్రం అక్కడ పెద్దగా ఏమీ దొరకదు. మీ చెల్లెలితో పులిహోర చేయించుకుని పట్టుకెళ్ళండి. దారిలో చెక్క బల్లలున్న చోట కూర్చుని తినొచ్చు, ఎవరూ ఏమీ అనరు, చెత్త మాత్రం వెంట తెచ్చేయాలి.

ఓపిక ఉంటే హైలిగెన్‌బ్లుట్ దాకా దిగండి. సన్నటి శిఖరం ఉన్న సెయింట్ విన్సెంట్ చర్చి, దాని వెనకే గ్లాక్నర్ కొండ, క్యాలెండర్లలో వచ్చే బొమ్మ అదే. బ్రిక్సియస్ అనే యాత్రికుడు క్రీస్తు రక్తం ఉన్న చిన్న సీసాతో వస్తూ ఇక్కడ హిమపాతంలో చనిపోయాడనీ, అతని మీద మంచులోంచి మూడు గోధుమ కంకులు మొలిచాయనీ కథ. చర్చిలో అరగంట, టీ తాగడానికి అరగంట, చాలు. అమ్మానాన్న అలసిపోతే ఈ ఊరు వదిలేసినా పర్వాలేదు. గట్టు దగ్గరి నుంచే వెనక్కి తిరగండి. ఈ ఊరి నుంచి లియెంజ్, ఫెల్బర్‌టౌయెర్న్ సొరంగం మీదుగా చుట్టు తిరిగి వచ్చే దారి ఉంది. అందంగానే ఉంటుంది, కానీ దానికి వేరే టోల్, దూరం కూడా ఎక్కువ. మీరు వచ్చిన దారినే తిరిగి రండి.

దిగేటప్పుడే అసలు జాగ్రత్త. ఫుషర్ టోర్ల్ నుంచి ఫెర్లైటెన్‌కు దాదాపు 1,300 మీటర్లు దిగాలి. ఐదుగురు, సామాను, బరువైన కారు. కాలు బ్రేక్ మీద నుంచి తీయకుండా దిగితే బ్రేకులు కాలిపోతాయి, ఒక దశలో పెడల్ మెత్తగా లోపలికి పోతుంది. ఆటోమేటిక్‌లో కూడా గేరు మన చేతిలోకి తీసుకునే ఏర్పాటు ఉంటుంది, ఎమ్ అనో ఎస్ అనో ఎల్ అనో రాసి ఉంటుంది. స్టీరింగ్ వెనక చిన్న పలకలు కూడా ఉండొచ్చు. దాన్ని ముందు రోజు ఇంటి దగ్గరే నేర్చుకోండి. ఏ గేరులో ఎక్కారో అదే గేరులో దిగండి. ఇంజను గట్టిగా అరుస్తుంది, అరవనివ్వండి, దానికేమీ కాదు. బ్రేకును మలుపుకు ముందు ఒకసారి గట్టిగా నొక్కి వదలండి, నిమిరినట్టు పట్టుకుని ఉండొద్దు. మాడు వాసన వస్తే పక్కన ఆపి అరగంట చల్లారనివ్వండి, నీళ్ళు పోయొద్దు. ఎలక్ట్రిక్ కారు ఇస్తే ఇంకో మాట: బ్యాటరీ నిండుగా ఉంటే దిగేటప్పుడు మోటారు వేగాన్ని ఆపలేకపోతుంది, కాబట్టి కొండ మీద ఎక్కడైనా చార్జింగ్ దొరికినా పూర్తిగా నింపొద్దు.

ఆదివారం మాత్రం పెట్టుకోకండి. సాయంత్రం సెలవుల నుంచి తిరిగొచ్చే కార్లన్నీ కుఫ్‌స్టైన్ సరిహద్దు దగ్గర బారులు తీరతాయి. నావిగేషన్ పక్క ఊళ్ళలోంచి దారి చూపిస్తుంది, వెళ్ళొద్దు. టిరోల్ రాష్ట్రంలో (కుఫ్‌స్టైన్ ఉన్నది అందులోనే) సీజన్ వారాంతాల్లో ఆ సందు దారుల్ని బయటివాళ్ళకు మూసేస్తారు. మంగళ, బుధ వారాలు మంచివి.

చివరిగా వాతావరణం. తేదీ ఒకటి అనుకోండి, పక్కన ఇంకొకటి ఖాళీగా పెట్టుకోండి. బయల్దేరే ముందు ఆ రోడ్డు అధికారిక వెబ్‌సైట్‌లో పైన పెట్టిన కెమెరాల బొమ్మలు చూడండి. తెల్లగా మబ్బు తప్ప ఏమీ కనిపించకపోతే టోల్ కట్టొద్దు. ఆ రోజు జెల్ ఆమ్ సీ నుంచి గంట దూరంలో ఉన్న క్రిమ్‌ల్ జలపాతానికి వెళ్ళండి. 380 మీటర్ల నుంచి మూడు అంచెల్లో దూకుతుంది, వానాకాలపు మబ్బు దానికి అడ్డు కాదు సరికదా, నీళ్ళు ఇంకా ఎక్కువ ఉంటాయి. కింది జలపాతానికి పార్కింగ్ నుంచి నడక తక్కువే, అమ్మానాన్న నిదానంగా వెళ్ళి రాగలరు. పై రెండు అంచెలకు మీరూ మీ ఆవిడా పాపను తీసుకుని ఎక్కండి. అందరికీ రెయిన్‌కోట్లు కావాలి, తుంపర దారి దాకా కొడుతుంది.